రైళ్లు మాత్రం రాలేదు: ఒక సైటు ఇల్లు మారిన డైరీ

మొదటి రోజు, రాత్రి

పాత రైళ్ల ఫోటోలు పోగుచేసే మా చిన్న బృందానికి ఒక సైటు ఉంది. పదేళ్లుగా అది ఒక మిత్రుని బల్ల కింద, దుమ్ము పట్టిన మ్యాక్ మినీ అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది. ఈమధ్య దాని డిస్కు టిక్కుటిక్కుమంటోంది. ఒక రకంగా అది మర్యాదే, చాలా డిస్కులు చెప్పకుండానే పోతాయి. అది పూర్తిగా పడుకునేలోపు సైటును, ఒక సంస్థ సర్వరును చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌కు మార్చే పని నా మీద పడింది.

సరుకు ఇది: 4,180 ఫోటోలు, ఒక్కో ఫోటోకు గ్యాలరీ ప్రోగ్రాము తయారుచేసి పెట్టుకున్న పది చిన్న సైజులు, ఒక డేటాబేసు, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత గ్యాలరీ. అంతా కలిపి 3 జీబీ పైచిలుకు. ఒక సాయంత్రం పని అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను, మళ్లీ ఎప్పుడైనా అలా అనబోతే చదువుకోవడానికి.

నా విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎనిమిదేళ్ల నాటి, ఫైళ్లను సర్వరుకు పంపే ఎఫ్‌టీపీ ప్రోగ్రాము ఉంది. కొత్త సర్వరు చిరునామా ఇచ్చాను. పాస్‌వర్డ్ ఒప్పుకుంది. ఫోల్డర్ల జాబితా అడిగేసరికి మూగబోయింది. ఇరవై సెకన్ల తరువాత 425 అన్న సంఖ్య వచ్చింది. డేటా కనెక్షన్ తెరవలేకపోయానని దాని అర్థం.

పాస్‌వర్డ్ సరైనదే అయినప్పుడు జాబితా ఎందుకు రాదు? ఎఫ్‌టీపీ ఒక తీగ మీద నడవదు, రెండింటి మీద నడుస్తుంది. మాటలన్నీ 21వ పోర్టులో జరుగుతాయి, సరుకు మాత్రం వేరే కనెక్షన్‌లో వస్తుంది. ఫోల్డరు జాబితా కూడా దాని దృష్టిలో సరుకే. యాక్టివ్ పద్ధతిలో ఆ రెండో కనెక్షన్‌ను సర్వరే మన కంప్యూటర్ వైపు తెరుస్తుంది. ఇప్పుడు వాడే ఎఫ్‌టీపీ నియమాలు రాసింది 1985లో. ఇంటింటికీ రౌటరు, ఫైర్‌వాల్ లేని రోజులవి. ఈనాడు బయటి నుంచి పిలవకుండా వచ్చిన కనెక్షన్‌ను రౌటరు గుమ్మంలోనే ఆపేస్తుంది. ప్యాసివ్ పద్ధతిలో సర్వరు ఒక పోర్టు సంఖ్య చెబుతుంది, మనమే అక్కడికి వెళతాం. నా ప్రోగ్రాము ఏనాటి సర్వరు కోసమో యాక్టివ్‌లో పెట్టి ఉంది. మార్చగానే జాబితా వచ్చింది.

ఫోల్డర్లను లాగి వదిలాను. ఐదు నిమిషాల్లో 421, ఒకేసారి ఎక్కువ కనెక్షన్లు వస్తున్నాయన్న ఫిర్యాదు. నా ప్రోగ్రాము పది ఫైళ్లను ఒకేసారి పంపుతోంది. ఒకే సర్వరును వందలమంది పంచుకునే చోట ఇంత దూకుడు కుదరదు. రెండుకు తగ్గించాను. గొడవ ఆగింది, వేగమూ ఆగింది. ప్రతి ఫైలుకూ కొత్త డేటా కనెక్షన్ తెరిచి మూయాలి కాబట్టి చిన్న ఫైళ్లకు వెళ్లే సమయంలో ఎక్కువ భాగం ఆ తలుపులకే సరిపోతుంది. గంటకు 2,300 ఫైళ్లు వెళ్లాయి. ఈ లెక్కన మొత్తానికి ఇరవై గంటలు. ఆపేశాను. రేపు జిప్ చేసి ఒకే మూటగా పంపుతాను.

రెండో రోజు

మ్యాక్ మినీలో సైటు ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి జిప్ చేశాను, పెన్‌డ్రైవ్‌లో ల్యాప్‌టాప్‌కు తెచ్చాను. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ మేనేజరు ఉంది, బ్రౌజరు నుంచే పంపవచ్చు. పంపాను. నూటికి నూరు శాతం చూపించి, ఆ తరువాత ఎర్రర్ అంది. ఇంత పెద్ద ఫైలు బ్రౌజరు ద్వారా పంపడం నా తప్పే కాబట్టి దాని వెంట పడలేదు. ఎఫ్‌టీపీలో పెట్టి ఇతర పనులు చూసుకున్నాను. సాయంత్రానికి 226 కనిపించింది, బదిలీ పూర్తయిందని.

ఫైల్ మేనేజరులో విప్పబోతే జిప్ పాడైందట.

ఇక్కడ ఒక గంట పోగొట్టుకున్నాను. మ్యాక్‌లో చేసిన జిప్ కొత్త సర్వరు నడిచే లైనక్స్‌కు అర్థం కావడం లేదేమో, మధ్యలో నెట్ తెగిందేమో అని ఊహల మీద ఊహలు. ముందే చేయవలసిన పని చివరికి చేశాను: రెండు చోట్లా ఫైలు సైజు చూశాను. ల్యాప్‌టాప్‌లో దాదాపు 310 కోట్ల బైట్లు. సర్వరులో దానికంటే 47 వేల పైచిలుకు తక్కువ.

నెట్ తెగితే చివర ఒక పెద్ద ముక్క పోతుంది. ఇంత పెద్ద ఫైలులో ఇంత చిన్న తేడా అంటే ఎవరో ఎలుకలా అక్కడక్కడా కొరికినట్టు. అప్పుడు గుర్తొచ్చింది, ఎఫ్‌టీపీలో ఆస్కీ పద్ధతి అని ఒకటి ఉంది. విండోస్‌లో ప్రతి లైను చివర 13, 10 అన్న రెండు బైట్లు ఉంటాయి. లైనక్స్‌లో 10 ఒక్కటే. ఆస్కీ పద్ధతిలో పంపితే అటువైపు చేరేటప్పటికి 13, 10 జంట కనిపించిన ప్రతిచోటా 13 తీసేస్తారు. ఉత్తరాల్లాంటి రాత ఫైళ్లకు అది ఉపకారం, జిప్‌కు అపకారం. నొక్కి కుదించిన ఫైలులో బైట్లు దాదాపు చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి ఒక నిర్దిష్ట జంట సగటున ప్రతి 65,536 బైట్లకు ఒకసారి తగులుతుంది. 310 కోట్లను 65,536తో భాగించాను. 47 వేల పైచిలుకు వచ్చింది. రోజంతా విసుగు పుట్టించిన పనిలో నాకు సంతోషం కలిగించిన క్షణం అదొక్కటే.

రుజువు కోసం నిన్న పంపిన ఫైళ్లలోంచి మా లోగోను తెరిచి చూశాను. అది పీఎన్‌జీ బొమ్మ. ప్రతి పీఎన్‌జీ ఫైలూ ఈ ఎనిమిది బైట్లతో మొదలవ్వాలి: 137, 80, 78, 71, 13, 10, 26, 10. సర్వరులోని లోగో 137, 80, 78, 71, 10, 26, 10తో మొదలైంది. 13 మాయం. ఆ వరుసలో 13, 10 జంటను ఊరికే పెట్టలేదు. సరిగ్గా ఈ రకం పాడు జరిగితే మొదటి వరుసలోనే దొరికిపోవాలని ఆ రూపకర్తలు కావాలని పెట్టారు. ముందుచూపు అంటే అది. నా ప్రోగ్రాములో ఆస్కీ గుర్తు ఎనిమిదేళ్ల క్రితం ఏదో స్క్రిప్టు పంపడానికి నేనే పెట్టుకున్నది.

బైనరీకి మార్చి, రాత్రంతా మళ్లీ పంపుతున్నాను.

మూడో రోజు

ఈసారి రెండు చోట్లా సైజు అంకె అంకెకూ సరిపోయింది. విప్పడం మొదలైంది, ఫోల్డర్లు సంవత్సరాల వారీగా ఒక్కొక్కటే వచ్చాయి. చివరి రెండు సంవత్సరాల ఫోల్డర్ల దగ్గర ఆగింది: డిస్కు కోటా మించిందట. కంట్రోల్ ప్యానెల్ చూస్తే 10 జీబీలో 6 కూడా నిండలేదు. జిప్, విప్పిన ఫైళ్లు రెండూ కలిపి కూడా ఇంకా చోటు ఉంది.

ఖాళీ ఉండగా నిండిపోయిందంటే ఏమిటి? అదే పేజీలో కిందకు జరిపితే ఇంకో గీత ఎర్రగా వెలుగుతోంది: ఐనోడ్లు, 50,000కు 50,000. లైనక్స్ డిస్కు మీద ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ ఒక ఐనోడ్ ఖర్చవుతుంది. ఫైలు ఒక బైటు అయినా, ఒక జీబీ అయినా లెక్కలో ఒకటే. షేర్డ్ హోస్టింగ్ వాళ్లు జీబీలను పెద్ద అక్షరాలతో రాస్తారు, ఈ లెక్కను మాత్రం నిబంధనల మధ్యలో ఎక్కడో పెడతారు.

అయినా నా ఫైళ్లు 46 వేలకు అటూఇటూగానే ఉండాలి. లెక్క ఎలా తప్పింది? విప్పిన చోట నేను పెట్టని ఒక ఫోల్డరు కనిపించింది. దాని పేరు మ్యాక్ ఓఎస్ ఎక్స్, ముందు రెండు అడ్డగీతలు. మ్యాక్‌లో కుడి క్లిక్‌తో జిప్ చేస్తే, అదనపు సమాచారం ఉన్న ప్రతి ఫైలుకూ ఒక నీడ ఫైలు తయారై ఆ ఫోల్డరులో చేరుతుంది. మా అసలు ఫోటోలన్నిటికీ ఒక్కో నీడ. 4,180 ఫోటోలు, 41,800 చిన్న సైజులు, 4,180 నీడలు, పైన గ్యాలరీ ప్రోగ్రాము ఫైళ్లు. యాభై వేలు దాటింది.

నీడల ఫోల్డరు తీసేశాను. చిన్న సైజుల ఫోల్డరునూ తీసేశాను. ఎవరైనా చూసినప్పుడు గ్యాలరీ వాటిని మళ్లీ తయారుచేసుకుంటుంది. ఇల్లు మారేటప్పుడు పాత అట్టపెట్టెలను కూడా మోసుకెళ్లేది నాలాంటి వాళ్లే. మిగిలిన రెండు ఫోల్డర్లు నిమిషంలో వచ్చాయి.

డేటాబేసు ఏ గొడవా చేయలేదు. జిప్ రూపంలోనే దిగుమతి అయింది.

నాలుగో రోజు

సైటు తెరుచుకుంది. కొన్ని ఫోటోలు లేవు. ఫైలు పేరు చివర కెమెరా పెట్టిన పెద్దక్షరాల జేపీజీని పేజీలో చిన్నక్షరాలతో రాశాం. మ్యాక్ మినీ ఆ రెండింటినీ ఒకటిగా చూసింది, లైనక్స్ చూడదు. ఫైళ్ల చివరలన్నీ చిన్నక్షరాలకు మార్చాను. అరగంట పని.

తరువాత అసలు పరీక్ష, సైటు ఫారం ద్వారా కొత్త ఫోటో పెట్టడం. 11 ఎంబీ ఫోటో ఎంచుకుని, శీర్షిక రాసి, బటను నొక్కాను. "శీర్షిక రాయలేదు" అంది. రాశాను కదా! మళ్లీ రాసి నొక్కాను. మళ్లీ అదే మాట. మూడోసారి ఫోటో లేకుండా శీర్షిక ఒక్కటే పంపితే, శీర్షిక ఉంది, ఫోటో లేదు అంది.

అంటే ఫోటో ఉంటే శీర్షిక కూడా పోతోంది. పీహెచ్‌పీలో ఫారం మొత్తం బరువుకు ఒక హద్దు ఉంది, దాని పేరు పోస్ట్_మ్యాక్స్_సైజ్, మామూలుగా 8 ఎంబీ. అది దాటితే పీహెచ్‌పీ మూట మొత్తాన్ని వదిలేస్తుంది. ఫోటోతో పాటు శీర్షికా, అన్నీ. గ్యాలరీకి చేరేది ఖాళీ ఫారం. అది తన మొదటి ప్రశ్న అడుగుతుంది, శీర్షిక ఏదీ అని. పాపం దాని తప్పు లేదు.

5 ఎంబీ ఫోటో పెట్టి చూశాను. ఈసారి శీర్షిక చేరింది, ఫోటో రాలేదు, ఎర్రర్ సంఖ్య 1. ఇది వేరే హద్దు, అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్, ఒక్కో ఫైలుకు వర్తించేది, మామూలుగా 2 ఎంబీ. ఒకే ఫారం, రెండు సైజులు, రెండు రకాల జబ్బు. మ్యాక్ మినీలో ఈ రెండింటినీ నా మిత్రుడు ఎప్పుడో పెంచి, ఎక్కడా రాయకుండా మరచిపోయాడు.

హోస్టింగ్ సహాయ విభాగానికి రాస్తే, "సార్, ఈ రెండు లైన్లు డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలులో పెట్టండి" అని పంపారు. పెట్టాను. సైటు మొత్తం 500 ఎర్రర్‌తో పడిపోయింది. ఎర్రర్ లాగ్ తెరిస్తే, ఈ ఆదేశం నాకు తెలియదు, అక్షరదోషమేమో అని వెబ్ సర్వరు ప్రోగ్రాము అపాచీ అంటోంది. ఆ లైన్లు పీహెచ్‌పీ అపాచీ లోపలే మాడ్యూలుగా నడిచే చోట మాత్రమే చెల్లుతాయి. మా సర్వరులో పీహెచ్‌పీ విడిగా నడుస్తోంది. అలాంటి చోట డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ అనే ఫైలు రాయాలి. ఇచ్చిన సలహా తప్పేమీ కాదు, అది ఇంకొకరి ఇంటి తాళంచెవి, అంతే.

కొత్త ఫైలు రాశాను: ఒక్కో ఫైలుకు 32 ఎంబీ, ఫారం మొత్తానికి 40. రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే పెద్దదిగా ఉండాలి, ఫోటోతో పాటు మిగతా గడులూ ప్రయాణించాలి కదా. మళ్లీ ప్రయత్నించాను. మార్పు లేదు. అంకెలు మార్చాను. లేదు. ఫైలు పేరు సరిచూశాను, చోటు మార్చాను, వెనక్కి తెచ్చాను. లేదు. విసిగి లేచి వెళ్లి, పది నిమిషాలకు తిరిగి వచ్చి నొక్కితే పనిచేసింది. పీహెచ్‌పీ ఈ ఫైలును చదివాక 300 సెకన్ల పాటు మళ్లీ దానివైపు చూడదు. ఆ ఐదు నిమిషాల్లో నేను చేసిన మార్పులన్నీ గోడకు చెప్పుకున్నట్టే. ఇకపై ఈ ఫైలు ముట్టుకున్న ప్రతిసారీ గడియారం చూసి లేస్తాను.

రాత్రి మా బృందంలో ఫోటోలకు పేర్లు పెట్టే పెద్దాయన ఫోను చేశారు. "బాబూ, సైటు బాగుంది. కానీ రైళ్లేవీ?" ఇంకా పూర్తికాలేదండీ, రేపు చూస్తానని చెప్పి పెట్టేశాను. ఆయన మాటను నేను అక్షరాలా తీసుకోవలసింది.

ఐదో రోజు

ఈ రోజు వింత. అడ్డంగా తీసిన ఫోటోలు ఎక్కుతున్నాయి, నిలువుగా తీసినవి తెల్లపేజీ చూపిస్తున్నాయి. ఒకే కెమెరా, ఒకే సైజు. ఫోల్డరులో చూస్తే నిలువు ఫోటో కూడా వచ్చి కూర్చుంది, డేటాబేసులో మాత్రం దాని వరుస లేదు. అంటే అప్‌లోడ్ అయింది, ఆ తరువాత ఏదో చచ్చిపోయింది.

ఎర్రర్ లాగ్‌లో ఒకే వాక్యం, అనుమతించిన 134217728 బైట్ల మెమరీ అయిపోయింది. సరిగ్గా 128 ఎంబీ. ఫోటో డిస్కు మీద 9 ఎంబీయే, కానీ గ్యాలరీ దాన్ని విప్పి చిన్న సైజులు చేయాలి. 6000 అడ్డం, 4000 నిలువు చుక్కలు, ఒక్కో చుక్కకు 4 బైట్లు, వెరసి 9 కోట్ల 60 లక్షల బైట్లు. అడ్డం ఫోటో అలా ఇరుకుగా పట్టింది. నిలువు ఫోటోను కెమెరా నిజానికి అడ్డంగానే దాచి, తిప్పి చూపించమని ఒక చీటీ పెడుతుంది. గ్యాలరీ ఆ చీటీ చదివి బొమ్మను తిప్పుతుంది. తిప్పడమంటే పక్కన ఇంకో ఖాళీ బొమ్మ పరిచి చుక్క చుక్క అందులోకి మార్చడం. ఒక క్షణం రెండూ మెమరీలో ఉండాలి, 19 కోట్ల 20 లక్షల బైట్లు. అందుకే నిలువు ఫోటోలకే ఈ గండం.

మెమరీ హద్దును 256కు పెంచాను. గడియారం చూసి లేచాను.

ఆరో రోజు

పెద్దాయన జాబితా పంపారు. కనిపించనివి: రైలు వంతెన, రైలు పట్టా, పైవంతెన, సైడింగు. కనిపిస్తున్నవి: సొరంగం, ఆవిరి ఇంజను, స్టేషను గంట, డీజిల్ ఇంజను. ఆయన మొన్న అన్నది నిజమే, సైటులో పేరులో రైలు ఉన్న ఫోటో ఒక్కటి కూడా లేదు.

మొదట పేరు మధ్యలోని ఖాళీని అనుమానించాను. ఆవిరి ఇంజనులోనూ ఖాళీ ఉంది, అది బాగానే కనిపిస్తోంది. ఫైళ్లు చేరలేదేమో అనుకుని ఫైల్ మేనేజరు తెరిచాను. ఉన్నాయి. అక్కడ క్లిక్ చేస్తే ఫోటో తెరుచుకుంటోంది. సైటులో క్లిక్ చేస్తే 404, అంటే అలాంటి ఫైలు లేదని. పేజీలోని పేరును కాపీ చేసి ఫైల్ మేనేజరులో వెతికాను. దొరకలేదు. పైన వెతుకుతున్న పేరు, కింద ఉన్న పేరు, రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి, రెండూ ఒకటే, అయినా ఒకటి కాదట.

కళ్లను నమ్మడం మానేసి రెండు పేర్లలోని మొదటి మాట పొడవును బైట్లలో కొలిచాను. డేటాబేసులోని "రైలు" 12 బైట్లు. ఫైలు పేరులోని "రైలు" 15 బైట్లు.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ర, ఐత్వం, ల, కొమ్ము, నాలుగు మూళ్లు పన్నెండు. మరి పదిహేను ఎలా వచ్చింది? రెండో పేరులో ఐత్వం ఒక ముక్కగా లేదు. ఎత్వం ఒకటి, అక్షరం కింద పెట్టే గుర్తు ఒకటి, రెండు ముక్కలుగా ఉంది. చేత్తో రాసేటప్పుడు మనమూ అంతే చేస్తాం, తల మీద ఎత్వం పెట్టి, కింద ఇంకో గీత గీస్తాం. అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం ఈ రెండు రూపాలనూ సమానమే అంటుంది. తెలుగు గుణింతంలో ఇలా రెండుగా విడిపోయేది ఐత్వం ఒక్కటే. రైలు, పైవంతెన, సైడింగు. జాబితా మళ్లీ చదివితే నవ్వొచ్చింది.

పెద్దాయన టైపు చేసిన పేరు డేటాబేసులో ఉన్నది ఉన్నట్టు ఉంది. ఫైలు పేరును మాత్రం మ్యాక్ మినీలోని పాత ఫైల్ సిస్టమ్ విడగొట్టి దాచుకుంది. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఆ పద్ధతి 1998లో వచ్చింది, విడదీయగలిగిన ప్రతి అక్షరాన్నీ విడదీసి రాయడం దాని అలవాటు. ఎవరైనా కలిపి అడిగినా తానే విడగొట్టి వెతికి ఇచ్చేది కాబట్టి పదేళ్లలో ఎవరికీ తెలియలేదు. లైనక్స్‌కు అక్షరాలతో పని లేదు, బైట్లతోనే పని. 12 అడిగితే 15 ఇవ్వదు.

విరుగుడు సులువే. పీహెచ్‌పీలో ఐఎన్‌టీఎల్ అనే పొడిగింపు ఉంది, అందులో నార్మలైజర్ విడిపోయిన అక్షరాలను మళ్లీ కలుపుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఆ పొడిగింపు పక్కన టిక్కు పెట్టాను. పన్నెండు లైన్ల స్క్రిప్టు: ప్రతి ఫైలు పేరునూ కలిపి చూడు, మారితే కొత్త పేరు పెట్టు, ఆ పేరుతో ఇప్పటికే ఫైలు ఉంటే ముట్టుకోకుండా నాకు చెప్పు. ఆ చివరి షరతు ముఖ్యం. అది లేకపోతే పేరు మార్చే ఆదేశం ఉన్న ఫైలును చడీచప్పుడు లేకుండా తుడిచేసి దాని చోట కూర్చుంటుంది. ముందు ఒక సంవత్సరం ఫోల్డరు నకలు మీద నడిపి, తరువాత అన్నిటి మీదా నడిపాను.

మారవలసినవి 611. మారినవి 610. మిగిలిన ఒక్కటి రైలు వంతెన.

ఫోల్డరు తెరిచాను. రైలు వంతెన, దాని కిందే రైలు వంతెన. ఒకే పేరు, ఒకే ఫోల్డరు, రెండు ఫైళ్లు, జరగడానికి వీలులేని దృశ్యం. ఒకటి మ్యాక్ నుంచి వచ్చిన పదిహేను బైట్ల రైలు, రెండోది జాబితా పంపాక పెద్దాయన కొత్త ఫారం నుంచి పెట్టిన పన్నెండు బైట్ల రైలు. కనిపించకపోయేసరికి మళ్లీ పెట్టి ఉంటారు అనుకుని, పాతది తీసేసే ముందు మాటవరసకు ఫోను చేశాను.

"తీయకు బాబూ," అన్నారు. "పాతది ఉదయం తీసింది. ఇందాక పెట్టింది అదే వంతెన, సాయంత్రం బండి. రెండూ వేరే."

కొత్తదాని పేరు చివర "సాయంత్రం" అని చేర్చాను, డేటాబేసులోనూ మార్చాను. స్క్రిప్టు మళ్లీ నడిపితే ఒకటి మారింది, మిగిలింది సున్నా. రేపు డొమైన్‌ను కొత్త సర్వరుకు తిప్పాలి. మ్యాక్ మినీని ఇంకో వారం ఆపకుండా ఉంచమని మిత్రునికి చెప్పాను. అది ఇంకా టిక్కుటిక్కుమంటూనే ఉందట.